కానాగుర్త మన ఊరిది, పేపర్ ఎవరిది?

మా మేనకోడలు ఎమ్మెస్సీ జువాలజీ చివరి సెమిస్టర్‌లో ఉంది. ప్రాజెక్టుకు కానాగుర్త చేపల్ని ఎంచుకుంది. తెల్లవారకముందే విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు పోయి, బోట్లు దించిన సరుకు వేలం అయ్యేదాకా ఓ పక్కన నిలబడి, రెండు కిలోలు కొనుక్కుని కాలేజీ ల్యాబ్‌కు పట్టుకెళ్తుంది. ఒక్కోదాన్నీ కొలిచి, తూచి, పొట్ట కోసి, గుడ్లు ఏ దశలో ఉన్నాయో చూసి నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. ఇంటికి రాగానే వాళ్లమ్మ గుమ్మంలోనే ఆపి స్నానానికి తరుముతుంది.

మొన్నో రాత్రి పదింటికి ఫోన్ చేసింది. "మావయ్యా, నీ కార్డు మీద డాలర్లు కట్టడానికి అవుతుందా?"

సంగతేమిటంటే, బంగాళాఖాతంలో కానాగుర్తలు ఏ నెలల్లో గుడ్లు పెడతాయన్న దాని మీద దానికో పరిశోధనా పేపర్ దొరికింది. దొరికిందంటే పేరు దొరికింది. పేరు కింద పది లైన్ల సారాంశం, దాని కింద ఓ బటన్. బటన్ మీద 39.95 డాలర్లు. మన డబ్బుల్లో సుమారు మూడున్నర వేలు, పన్నెండు పేజీల పీడీఎఫ్‌కి! "చదివాక పనికిరాదనిపిస్తే వెనక్కి తీసుకుంటారా?" అన్నాను. "చీరల కొట్టు కాదు మావయ్యా" అంది.

అంతకు రెండు రోజుల ముందే ఇదే పిల్ల నాకు వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపింది. చేయి తిరిగినవాడు గీసిన కానాగుర్త బొమ్మ. అది 1803లో లండన్‌లో అచ్చయిన పుస్తకం లోది. పాట్రిక్ రసెల్ అనే వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త 1780లలో మన విశాఖపట్నంలో కాపురమున్నాడు. ఇక్కడి రేవులో దొరికిన రెండు వందల రకాల చేపల్ని బొమ్మలు వేయించి, జాలర్లు ఏ పేరుతో పిలిస్తే ఆ పేరే ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుని, రెండు సంపుటాలుగా వేయించాడు. రక్తపింజరికి ఇంగ్లిషులో ఉన్న పేరు కూడా ఈయనదే. ఆ పుస్తకం చూసి ఫ్రాన్సులో కువియే అనే శాస్త్రవేత్త 1816లో ఆ చేపకు 'కనగుర్త' అని తెలుగు పేరే ఖాయం చేశాడు. ఇవాళ ఇండోనేషియాలో పట్టినా, ఆఫ్రికా తీరంలో పట్టినా శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. జాలరిపేట మాట ప్రపంచమంతా తిరుగుతోందన్నమాట. ఆ 1803 పుస్తకం బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే సైట్‌లో పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు, దింపుకోవచ్చు, బొమ్మలు అచ్చేసి గోడకు తగిలించుకోవచ్చు.

రెండు వందల ఏళ్ల నాటి పుస్తకం చేతిలోకి ఊరికే వచ్చింది. మొన్నమొన్నటి పేపర్‌కి మాత్రం మూడున్నర వేలు. అదే చేప, అదే సముద్రం. "ఇంటర్నెట్ వచ్చాక అంతా అరచేతిలోనే ఉంది" అని అందరం అనేస్తాం గానీ, అరచేతిలో ఉన్నది సారాంశమా, సరుకా అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఎక్కడ ఏ తాళం ఉందో, దాని చెవి ఎవరి దగ్గరుందో తెలియకే మన పిల్లలు సగం టైం పోగొట్టుకుంటున్నారు.

పేపర్‌కి అంత ధర ఎందుకు

హార్బర్‌లో బోటు ఓనర్‌ది, డీజిల్ డబ్బులూ ఓనర్‌వే, వేటకు వెళ్లినవాళ్లకు వాటా ఉంటుంది. పరిశోధనా జర్నళ్ల లెక్క ఇంకోలా ఉంటుంది. జీతం యూనివర్సిటీ ఇస్తుంది, ల్యాబ్ ఖర్చు ప్రభుత్వం గ్రాంటుగా ఇస్తుంది, పేపర్ శాస్త్రవేత్త రాస్తాడు. పంపిన పేపర్‌లో తప్పులున్నాయా లేవా అని చూసేవాళ్లు కూడా ఇతర యూనివర్సిటీల ప్రొఫెసర్లే. వాళ్లలో ఎక్కువమంది ఊరికే చేస్తారు. రాసినవాళ్లకు జర్నల్ రూపాయి ఇవ్వదు. పైగా చాలా జర్నళ్లు అచ్చు వేసేముందు కాపీరైట్ తమ పేర రాయించుకుంటాయి. తర్వాత అదే పేపర్‌ని అదే యూనివర్సిటీ లైబ్రరీ చందా కట్టి కొనుక్కుంటుంది. వేటకు పోయినవాడే బజారుకెళ్లి తన చేపను కొనుక్కున్నట్టు.

ప్రచురణకర్తలు ఊరికే కూర్చోరు, అది కూడా చెప్పాలి. ఎడిటింగ్, సైట్ నిర్వహణ, పాత సంచికల్ని పదిలంగా దాచడం, దొంగరాతల్ని పట్టుకోవడం, అన్నీ ఖర్చుతో కూడిన పనులే. కాగితం మీద అచ్చేసి ఓడల్లో పంపే రోజుల్లో చందా లేకుండా నడిచేది కూడా కాదు. కాపీ చేయడానికి ఖర్చే లేని కాలం వచ్చాక కూడా ధరలు పెరుగుతూనే పోవడమే గొడవకు మూలం.

భౌతికశాస్త్రం వాళ్లు ఈ గొడవను ఎవరితోనూ వాదించకుండా పక్కదారిలో దాటేశారు. 1991లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో పాల్ గిన్స్‌పార్గ్ ఒక సర్వర్ పెట్టాడు. జర్నల్‌కు పంపేముందే పేపర్‌ని అందులో పడేస్తే ఎవరైనా చదువుకోవచ్చు. ఇవాళ దాన్ని ఆర్కైవ్ అంటున్నాం. ఫిజిక్స్, గణితం, కంప్యూటర్ సైన్స్ పిల్లలకు అది ఇంటి అరుగు లాంటిది. 2002 ఫిబ్రవరిలో బుడాపెస్ట్ ప్రకటన వచ్చాక 'ఓపెన్ యాక్సెస్' అన్న మాట స్థిరపడింది. అందులో ఓపెన్ అంటే చదవడానికి డబ్బు అడగకపోవడం ఒక్కటే కాదు. దింపుకోవడం, కాపీ తీసి పంచడం, ముద్రించడం, కంప్యూటర్‌తో వెతికించడం, వీటికీ అడ్డు ఉండకూడదు. రాసినవాడి పేరు మాత్రం చెప్పాలి. ఈ తేడా గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

ఆ తర్వాత ఓపెన్ యాక్సెస్‌కి రంగులు వచ్చాయి, ఒకప్పుడు మన రేషన్ కార్డుల్లో తెల్లవీ గులాబీవీ ఉన్నట్టు. గ్రీన్ అంటే పేపర్ జర్నల్‌లో ఉన్నా, రచయిత తన చిత్తు ప్రతినో, ఒప్పుకున్నాక తుది రూపాన్నో యూనివర్సిటీ సైట్‌లోనో ఆర్కైవ్ లాంటి చోటో పెట్టుకోవడం. మన దేశంలో సైన్స్ అండ్ టెక్నాలజీ, బయోటెక్నాలజీ శాఖలు తాము డబ్బిచ్చిన పరిశోధనలకు ఇలా పెట్టాలని 2014లోనే విధానం ప్రకటించాయి. ఎంతమంది పెడుతున్నారన్నది వేరే కథ. గోల్డ్ అంటే చదివేవాడికి ఉచితం, రాసేవాడు ఫీజు కట్టాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. తాళం తీశారనుకుంటాం. నిజానికి దాన్ని వెనక గుమ్మానికి వేశారంతే. నేచర్ పత్రిక 2021 నుంచి ఓపెన్ యాక్సెస్‌లో వేయడానికి ఒక్కో పేపర్‌కు 9,500 యూరోలు అడగడం మొదలుపెట్టింది. మన జిల్లా కాలేజీ లెక్చరర్ ఏడాది జీతంతో పోల్చుకుని చూడండి. చదవడానికి డబ్బు లేక ఇన్నాళ్లు వెనకబడినవాడు, ఇప్పుడు రాయడానికి డబ్బు లేక వెనకబడతాడు.

డైమండ్ అని ఇంకో రకం ఉంది. చదివేవాడూ కట్టనక్కర్లేదు, రాసేవాడూ కట్టనక్కర్లేదు, ఖర్చు ఏదో సంస్థ భరిస్తుంది. నాకు అన్నిటికంటే న్యాయంగా కనిపించేది ఇదే. దీని గురించి తక్కువ మాట్లాడతారు, ఎందుకంటే ఇందులో అమ్ముకునేదేమీ లేదు.

రచయిత ఫీజు పద్ధతి వెనక ఇంకో పురుగు చేరింది. "వారం రోజుల్లో పబ్లికేషన్ గ్యారంటీ, సర్టిఫికెట్‌తో సహా" అని వచ్చే మెసేజ్‌లు పీహెచ్‌డీ చేసే ప్రతి ఒక్కరి ఫోన్లోనూ ఉంటాయి. ఓపెన్ యాక్సెస్ బోర్డు పెట్టుకుని, పేపర్ చదవకుండానే డబ్బు తీసుకుని వేసేసే దుకాణాలివి. మంచీచెడూ తేల్చడానికి యూజీసీ 2019లో కేర్ అనే జర్నళ్ల జాబితా పెట్టింది, 2025లో దాన్ని ఎత్తేసి, చూసుకునే బాధ్యత యూనివర్సిటీలకే వదిలేసింది. ఓపెన్ యాక్సెస్ అంటే నాసిరకం అని పెద్ద ప్రొఫెసర్లలో కొందరికి ఉన్న అనుమానం ఈ దుకాణాల పుణ్యమే.

ఆరు వేల కోట్ల చందా

ఇప్పుడు మన దేశం ఏం చేసిందో చూద్దాం. 2024 నవంబరు 25న కేంద్ర కేబినెట్ 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే పథకానికి ఒప్పుకుంది. 2025, 2026, 2027, ఈ మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది పెద్ద ప్రచురణకర్తలకు చెందిన సుమారు 13,000 జర్నళ్లు. ప్రభుత్వ నిర్వహణలోని 6,300కు పైగా విద్యా, పరిశోధన సంస్థల్లో దాదాపు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూనివర్సిటీ లైబ్రరీల సంస్థ దీన్ని నడిపిస్తోంది.

ఒకసారి భాగహారం చేశాను. మనిషికి మూడేళ్లకు కలిపి 3,333 రూపాయలు పడింది. అంటే మా మేనకోడలు చూసిన ఆ ఒక్క పన్నెండు పేజీల పీడీఎఫ్ ధరకు, ఒక విద్యార్థికి 13,000 జర్నళ్లు మూడేళ్లపాటు! లెక్క తప్పేమో అని రెండుసార్లు చూసుకున్నాను. విడిగా కొనేవాడి దగ్గర తీసుకునే ధరకు అసలు ఖర్చుతో సంబంధం లేదని ఇంతకంటే ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుకే ఈ పథకాన్ని నేను తీసిపారేయను. కానీ ఇది ఓపెన్ యాక్సెస్ కాదు. పెద్ద కాంపౌండ్ గోడ కట్టి లోపలివాళ్లందరికీ ఒకే గేటు పాస్ ఇవ్వడం. ఆంధ్రా యూనివర్సిటీ ప్రభుత్వానిది కాబట్టి అక్కడి పిల్లలు గేటు లోపల ఉన్నారు. మా పిల్లది ప్రైవేటు కాలేజీ. మొదటి విడతలో అవి లేవు. చినవాల్తేరులో హాస్టల్లో ఉండే దాని స్నేహితురాలు లాగిన్ కొడితే తెరుచుకునే పేపర్, ఎంవీపీ కాలనీలో దీని ల్యాప్‌టాప్‌లో తెరుచుకోదు. మధ్యలో దూరం ఆటోకి ఇరవై రూపాయలు. స్నేహితురాలిని అడిగి తెప్పించుకోవచ్చు, దేశమంతా జరిగేది అదే. కాకపోతే ప్రతి పేపర్‌కీ ఒకరి మొహం చూడాల్సి రావడం చదువుకునేవాడికి ఎంత చిన్నతనమో అనుభవిస్తేనే తెలుస్తుంది. ఇక సొంతంగా పరిశోధన చేసుకునే డాక్టరు, రైతు సంఘం, విలేకరి, రిటైరైన మాస్టారు, వీళ్లెవరూ ఏ గేటులోనూ లేరు.

ఈ గోడ దూకించే పని సై-హబ్ చేసింది. 2011లో కజకిస్తాన్ అమ్మాయి అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ పెట్టిన ఆ సైట్‌లో కోట్ల పేపర్లు ఊరికే దొరికేవి. మూడు పెద్ద ప్రచురణ సంస్థలు 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టుకెళ్లాయి, 2025లో దాన్ని మన దేశంలో బ్లాక్ చేయమని కోర్టు చెప్పింది. చట్టం ప్రకారం అది తప్పే, వాడమని నేను ఎవరికీ చెప్పను. కానీ మూడున్నర వేల బటన్ లేకపోతే ఆ సైట్‌కి అంత గిరాకీ ఎక్కడిది?

మా పిల్లకు నేను చెప్పినవి చట్టంతో పేచీ లేని దారులే. గూగుల్ స్కాలర్‌లో పేపర్ పేరు కింద 'అన్ని ప్రతులు' అని సన్నగా ఒక లింక్ ఉంటుంది. దాన్ని నొక్కితే రచయిత ఎక్కడైనా గ్రీన్ పద్ధతిలో పెట్టుంటే బయటపడుతుంది. అన్‌పేవాల్ అనే చిన్న పరికరాన్ని బ్రౌజర్‌కి తగిలించుకుంటే ఆ వెతుకులాట అదే చేస్తుంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలైతే శోధ్‌గంగ అనే సైట్‌లో ఉంటాయి. ఇక చేపల సంగతికొస్తే మనకు పెన్నిధి ఒకటుంది. సెంట్రల్ మెరైన్ ఫిషరీస్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి పాండురంగాపురంలో ప్రాంతీయ కేంద్రం ఉందని బీచ్ రోడ్డులో నడిచేవాళ్లు బోర్డు చూసే ఉంటారు. ఆ సంస్థ తన పాత నివేదికల్ని, పేపర్లని స్కాన్ చేసి ఈప్రింట్స్ అనే భాండాగారంలో అందరికీ పెట్టింది. 1950ల నుంచి మన తీరంలో పట్టిన చేపల లెక్కలు కూడా అందులో ఉన్నాయి. మా మేనకోడలు ఆ రాత్రంతా అందులోనే ఉంది. మూడున్నర వేల పేపర్‌కి ఇంకో మార్గం చెప్పాను: రచయితకే మెయిల్ రాయమని. తన పేపర్ ఎవరో చదువుతానంటే సంతోషించని శాస్త్రవేత్త ఉండడు.

నెట్‌లో ఉంటే అందరిదీనా?

"నెట్‌లో ఉంది కదా, వాడుకుంటే ఏమౌతుంది?" ఇది పిల్లలూ, పెద్దలూ అందరూ అనే మాట. కనిపించడం వేరు, వాడుకునే హక్కు వేరు. మన చట్టంలో రచయిత బతికున్నంతకాలం, ఆ పైన అరవై ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో పోయారు. ఆయన రచనలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు, ఆడియో చేసుకోవచ్చు, నాటకం వేసుకోవచ్చు. మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ 1983లో పోయారు. ఆయనవి 2043 చివరిదాకా కాపీరైట్‌లోనే ఉంటాయి. వాట్సాప్‌లో తిరుగుతున్న స్కాన్ పీడీఎఫ్‌లలో సగం ఈ రెండింటి తేడా తెలియకుండా తిరిగేవే.

చదువుకు చట్టం ఇచ్చిన వెసులుబాటు కూడా తెలియాలి. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని జిరాక్స్ షాపులో పాఠ్యాంశాల పేజీలు కాపీ తీసి పుస్తకంలా కుట్టి అమ్ముతున్నారని పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేశాయి. బోధనలో భాగంగా అలా తీసుకోవడం కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన కాదని 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు కేసు కొట్టేసింది. అదే ఏడాది డిసెంబరులో డివిజన్ బెంచ్ కొన్ని అంశాలు మళ్లీ విచారించమన్నా, ఈ సూత్రాన్ని మాత్రం నిలబెట్టింది.

రచయితే ముందుగా అనుమతి ఇచ్చేయడం ఇంకో మార్గం. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌లు అందుకే. పేరు చెప్పి వాడుకోండి అనేది ఒకటి, అమ్ముకోకండి అనేది ఒకటి, మార్చకండి అనేది ఒకటి, మార్చుకున్నా మీరూ ఇదే షరతు మీద ఇవ్వండి అనేది ఇంకొకటి. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ తన పాఠాల్ని నెట్‌లో పెడతానని 2001లో ప్రకటించింది, ఇప్పుడు వాటిని ఇలాగే ఇస్తోంది. వాటిని మీరు తెలుగులోకి అనువదించి ఊరంతా పంచొచ్చు, వ్యాపారం మాత్రం చేయకూడదు. తెలుగు వికీపీడియాలోదైతే షరతు పాటిస్తే అమ్ముకోవచ్చు కూడా. యూట్యూబ్‌లో ఉచితంగా కనిపించే మామూలు పాఠానికి ఈ హక్కులేవీ ఉండవు. బుడాపెస్ట్ ప్రకటన దగ్గర గుర్తుంచుకోమన్నది ఈ తేడానే.

పాఠం ఊరికే, పట్టా కొనుక్కోవాలి

మా అక్కయ్య, అంటే ఈ పిల్ల తల్లి, పెళ్లయ్యాక ఆంధ్రా యూనివర్సిటీ కరస్పాండెన్స్ కోర్సులో బీఏ చేసింది. ఏయూ దాన్ని 1972లో మొదలుపెట్టింది. పోస్టులో పాఠాల కట్టలు వచ్చేవి. మొదటి కట్ట విప్పింది, రెండోది విప్పింది, మూడోది అటక మీదికెక్కింది. పక్కింటావిడ కూడా అదే కోర్సు కట్టడంతో మధ్యాహ్నాలు ఇద్దరూ కూర్చుని చదివి గట్టెక్కారు. కాంటాక్ట్ క్లాసులకు మా అమ్మ పిల్లల్ని చూసుకుంది.

ఆన్‌లైన్ చదువు గురించి ఎన్ని నివేదికలు వచ్చినా, నాకు ఆ మూడో కట్టే గుర్తొస్తుంది. 2011లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్లు కృత్రిమ మేధ పాఠాన్ని నెట్‌లో అందరికీ చెబితే 1,60,000 మంది చేరారు. చివరిదాకా వచ్చినవాళ్లు ఇరవై వేల పైచిలుకు. ఆ ఊపులోనే 2012లో కోర్సెరా, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్లు వచ్చాయి. యూనివర్సిటీలు మూతపడతాయని కూడా కొందరు రాశారు. ఏదీ మూతపడలేదు. మెల్లగా ఆ సైట్లే పాఠం చూడనిచ్చి, మార్కులు వేసే పనికీ సర్టిఫికెట్‌కీ డబ్బు తీసుకోవడంలోకి వచ్చాయి. పాఠానికి విలువ పోయి, పాఠం నేర్చుకున్నావన్న సాక్ష్యానికి ధర వచ్చింది.

మన దగ్గర ఎన్‌పీటెల్ అనే వీడియో పాఠాల పథకం కథ అంతకంటే పాతది, నా లెక్కలో అంతకంటే నిజాయితీగలది. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టాయి. వీడియోలు ఇప్పటికీ ఊరికే. 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులు, 2017లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ స్వయం వచ్చాయి. చేరడానికి డబ్బు లేదు. పరీక్ష రాయాలంటేనే కోర్సుకు వెయ్యి రూపాయలు, అది కూడా సెంటర్‌కు పోయి కూర్చుని రాయాలి. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ క్రెడిట్లలో 40 శాతం దాకా స్వయం కోర్సుల నుంచి తెచ్చుకోవచ్చు.

క్రెడిట్లు రాగానే ఏమైందో కూడా చెప్పాలి. గడువు రాత్రి టెలిగ్రామ్ గ్రూపుల్లో "వీక్ త్రీ ఆన్సర్స్" వచ్చేస్తాయి. పిల్లలు పాఠం తెరవకుండా ఏ, బీ, సీ, డీ నొక్కి పడుకుంటారు. ఆ 25 మార్కుల సంగతి అదీ. హాల్లో కూర్చోబెట్టి రాయించే 75 లేకపోతే ఆ సర్టిఫికెట్‌ను ఎవరూ నమ్మేవారు కాదు. ఊరికే దొరికే పాఠాల మధ్య నిఘా ఉన్న పరీక్ష గదికే విలువ రావడం విడ్డూరమే అయినా, అదే నిజం.

ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి ఓ సాయంత్రం వెళ్లి చూడండి. గ్రూప్స్‌కీ, బ్యాంకు పరీక్షలకీ చదివే పిల్లలు వరసగా కూర్చుని ఉంటారు. ముందు ఫోను, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, పక్కన వాటర్ బాటిల్. పుస్తకాల బీరువాల వైపు చూసేవాళ్లు తక్కువ. వాళ్లు వింటున్న పాఠం ఇంట్లో కూడా వినొచ్చు. కానీ ఇంట్లో ఒకటే గది, టీవీ సీరియల్, తమ్ముడి అల్లరి. వాళ్లొచ్చింది కుర్చీ కోసం, ఫ్యాన్ కోసం, పక్కన ఇంకొకడు చదువుతున్నాడన్న ధైర్యం కోసం. మా అక్కయ్యకు పక్కింటావిడ ఉన్నట్టు. ఆ కుర్చీ కూడా లేనివాళ్లు పాడేరు, అరకు వైపు ఉన్నారు. కరోనా రోజుల్లో సిగ్నల్ కోసం కొండెక్కి పాఠాలు విన్న పిల్లల ఫొటోలు చూసి అందరం అయ్యో అన్నాం.

హార్బర్ బోర్డు

గిడుగు రామమూర్తి పంతులు వందేళ్ల క్రితం గ్రాంథికం మీద పోట్లాడింది ఇలాంటి తాళం గురించే అని నాకు ఈమధ్య అనిపిస్తోంది. జనం మాట్లాడే భాషలో చదువు ఉంటేనే అది జనానికి అందుతుందన్నారాయన. సవరల కోసం సవర భాషలో పుస్తకాలు తయారు చేశారు. ఇవాళ ఎన్‌పీటెల్ పాఠాల్లో కొన్నిటికి తెలుగు అనువాదాలున్నాయి, తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. అయినా పేపర్ అంటే ఇంగ్లిషే. పీడీఎఫ్ తాళం తీసి చేతిలో పెట్టినా మన ఊళ్లో ఎంతమందికి తెరుచుకుంటుంది?

తెరుచుకున్న ఉదాహరణ ఒకటి హార్బర్‌లోనే ఉంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల నుంచి సముద్రపు నీటి వేడి, ఆ నీటిలో పచ్చదనం ఎక్కడెక్కడ ఎంతుందో చూసి, చేప ఎక్కడ చేరే అవకాశముందో చెబుతుంది. ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు అన్నది తెలుగుతో సహా తీరభాషల్లో, మెసేజ్‌గా, హార్బర్లలో ఎలక్ట్రానిక్ బోర్డుల మీద. డబ్బు లేదు, లాగిన్ లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం రోజుల్లో ఇవ్వరు. దాని వెనకున్న శాస్త్రం మీద వచ్చిన పేపర్లు ఎన్నో చందా గోడల వెనక ఉన్నాయి. కానీ ఫలితం మాత్రం గమ్యం చేరింది, ఎందుకంటే ఎవరో కూర్చుని దాన్ని "ఫలానా దిక్కు, ఇన్ని కిలోమీటర్లు" అనే మాటల్లోకి దించారు. ఆ దించే పనికి ఓపెన్ యాక్సెస్ చర్చల్లో రంగూ లేదు, పేరూ లేదు.

ఇప్పుడు మన ఊళ్లో ఎక్కడ విన్నా గూగుల్ డేటా సెంటర్ మాటే. 2025 అక్టోబరులో 15 బిలియన్ డాలర్లు పెడతామన్నారు. మంచిదే, రానివ్వండి. అయితే మా వీధిలో ఒకాయన "ఇక డేటా అంతా మన విశాఖలోనే" అంటుంటే నవ్వొచ్చింది. హార్బర్ పక్కన కోల్డ్ స్టోరేజీ ఉన్నంత మాత్రాన అందులో చేప మనదవుతుందా?

మెయిల్ రాసిన మూడో రోజుకు ఆ పేపర్ రచయిత దగ్గర్నుంచి జవాబు వచ్చింది. పీడీఎఫ్‌తో పాటు, విశాఖలో ఈ ఏడాది కొలతలు ఎలా ఉన్నాయో పంపగలవా అని ఓ ప్రశ్న కూడా. మా పిల్ల ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అప్పుడు నాకు సందేహమొచ్చింది. "నీ ప్రాజెక్టు అయ్యాక ఏం చేస్తారే?" అన్నాను.

"స్పైరల్ బైండింగ్ చేసి రెండు కాపీలు ఇస్తాం. ఒకటి ఎగ్జామినర్‌కి, ఒకటి డిపార్ట్‌మెంట్ బీరువాలోకి."

"బీరువా తాళం?"

"ల్యాబ్ అటెండర్ దగ్గర."

ఐదు నెలలు తెల్లవారుజామున హార్బర్‌కు పోయి కొలిచిన కానాగుర్తల లెక్క అది. ఐరోపాలో సెర్న్ సంస్థ నడిపే జెనోడో అనే భాండాగారం 2013 నుంచి ఉందనీ, ఎవరైనా డబ్బు కట్టకుండా తమ డేటా పెట్టుకోవచ్చనీ, పెట్టగానే శాశ్వతంగా ఉండే డీఓఐ అనే గుర్తింపు నంబరు కూడా ఇస్తారనీ చెప్పాను. నీ పేరు మీదే ఉంటుంది, పేరు చెప్పి వాడుకోండి అని లైసెన్స్ పెట్టు అన్నాను. శ్రద్ధగా విని రాసుకుంది. రాసుకుని పెన్ను మూత పెట్టింది.

"గైడ్ సార్‌ని అడగాలి మావయ్యా. ఆయన స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్లారు, నెలాఖరుకి గానీ రారు."